చెవి ఒగ్గేవాడేడీ?

మా రోజుల్లో అంటార్కిటికాలోని మన మైత్రి స్టేషన్లో రేడియో రూము తలుపు మూసి ఉండేది కాదు. లోపల సెట్టు రోజంతా బుసకొడుతూనే ఉండేది. భోజనానికి వెళ్ళేవాడూ, జనరేటరు డ్యూటీ దిగి వచ్చేవాడూ గుమ్మం దగ్గర ఆగి, “ఏమన్నా దొరికిందా?” అని అడిగి మరీ కదిలేవాడు. దొరకడం అంటే ఇండియా దొరకడం. పదివేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న దేశం ఆ గంటకి గాలిలో అందిందా, లేదా అన్నది వంటవాడి దగ్గర్నుంచి లీడరు దాకా అందరికీ కావలసిన సంగతి.

ఇప్పుడు ఆ మాట అడిగే అవసరం ఎవరికీ లేదు. దేశం ఎవరి జేబులో వాళ్ళకే దొరుకుతోంది. ఇంటికి మాట చేరడం సులువైనందుకు నాకేం కడుపుమంట లేదు. పిల్లల మొహం చూడకుండా చలికాలమంతా గడిపినవాణ్ణి, ఆ సుఖం విలువ నాకు తెలుసు. నేను సణిగేది ఇంకో దాని గురించి. అక్కడ వినడం అన్న పని ఒకటుండేది. దానికో మనిషి, ఒక వేళ, ఒక లాగ్ బుక్కు ఉండేవి. ఆ పని పోతోంది. పోతోందన్న దిగులు కూడా ఎవరిలోనూ కనిపించడం లేదు.

నేను సైన్యంలో సిగ్నల్స్ మనిషిని. జబల్‌పూర్‌లో మోర్సు నేర్చుకున్నాను. అక్కడ మా చేత ముందు కీ పట్టించలేదు. వారాల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించారు. వినడం వచ్చాకే కొట్టడం. ఆ శిక్షణతోనే తొంభైల మొదట్లో ఒక శీతాకాలం షిర్మాకర్ ఒయాసిస్సులో గడిపాను. పేరుకి ఒయాసిస్సు గానీ అక్కడ పచ్చని చెట్టు ఉండదు. మంచు ఎడారి మధ్య బయటపడిన రాతి గుట్టలు, వాటి మధ్య చెరువులు. అందులో ఒక చెరువు పేరు ప్రియదర్శిని. దాని గట్టునే 1989లో మైత్రి లేచింది.

అంతకు ముందు కథ ఈ తరానికి ఎవరూ చెప్పడం లేదు గనక రెండు ముక్కలు చెబుతాను. 1981 డిసెంబరు 6న డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో 21 మంది పోలార్ సర్కిల్ అనే నార్వే ఓడలో గోవా నుంచి బయల్దేరి, 1982 జనవరి 9న అంటార్కిటికా మీద కాలు పెట్టారు. మూడో యాత్రవాళ్ళు 1983-84లో దక్షిణ గంగోత్రి కట్టారు. ఆ యాత్ర నాయకుడు హర్ష్ గుప్తా తర్వాత హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్.జి.ఆర్.ఐ. డైరెక్టరుగా చాలా ఏళ్ళున్నారు. ఆ చలికాలం లెఫ్టినెంట్ కల్నల్ సత్య శర్మ నాయకత్వంలో 12 మంది మనవాళ్ళు తొలిసారి అక్కడే ఉండిపోయారు. సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన మంచుపలక మీద కట్టిన స్టేషను అది. ఏటికేడు పైన మంచు పేరుకుంటూ, స్టేషను లోపలికి కూరుకుపోతూ చివరికి 1990లో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. అక్కడ తపాలా ముద్ర కూడా వేసేవారు. ఏం లాభం? ఓడ వెళ్ళిపోయిందంటే మళ్ళీ ఓడ వచ్చేదాకా ఉత్తరం కదలదు. మధ్యలో ఉన్నదంతా గాలిలో వచ్చే మాటే.

ఆ మాట ఎలా వచ్చేదో తెలిస్తే గానీ వినడం ఎంత పనో అర్థం కాదు. మన తల మీద వంద కిలోమీటర్ల చుట్టుపట్ల మొదలై మూడు నాలుగు వందల కిలోమీటర్ల దాకా, ఎండ తగిలి విద్యుదావేశం పట్టిన పొరలుంటాయి. వాటినే అయనోస్ఫియర్ అంటారు. మూడు నుంచి ముప్పై మెగాహెర్ట్జ్ మధ్య ఉండే, హెచ్.ఎఫ్. అని కూడా పిలిచే షార్ట్‌వేవ్ ఆ పొరల్లో వంగి మళ్ళీ నేలకి దిగుతుంది. ఒక్క గెంతులో మహా అయితే మూడు నాలుగు వేల కిలోమీటర్లు. షిర్మాకర్ నుంచి గోవా చేరాలంటే కనీసం మూడు గెంతులు వెయ్యాలి. పగలు పనికొచ్చిన ఫ్రీక్వెన్సీ రాత్రికి పనికిరాదు. పొద్దు వాలేకొద్దీ కిందికి దిగుతూ రావాలి. మాకేమో నడి చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడే రాడు, గోవాలో రోజూ పొడుస్తాడు. ఇటు చీకటి, అటు వెలుగు. రెండింటినీ దాటించే ఫ్రీక్వెన్సీ ఏ గంటకి ఏదో వెతుక్కోవాలి. పట్టికలిచ్చి పంపేవారు. పట్టిక ఒకటి చెబితే ఆకాశం ఇంకోటి చేసేది. బయట ధ్రువకాంతులు పచ్చగా లేచిన పూట అందరూ జాకెట్లు తగిలించుకుని చూడ్డానికి పరుగెత్తేవాళ్ళు. నాకు మాత్రం గుండె జారేది. ఆ వెలుగు లేచిందంటే పైనున్న పొరలు తరంగాన్ని మింగేస్తాయి, బ్యాండు మూగబోతుంది.

ఇక నేల సంగతి. రేడియోకి ఎర్త్ కావాలి. కింద రాయి, లేకపోతే గడ్డకట్టిన మంచు. మంచులోంచి కరెంటు పోదు, కడ్డీ ఎంత లోతుకి దించినా ఒకటే. తీగలు నేల మీద పరిచి దాన్నే ఎర్త్ అనుకుని సర్దుకోవాలి. బ్లిజార్డు వచ్చిందంటే పొడిమంచు రేణువులు యాంటెన్నా తీగకి రాసుకుంటూ పోయి, తీగలో ఆవేశం నింపేవి. అప్పుడు హెడ్‌ఫోనులో మూకుడులో ఆవాలు పేలుతున్నట్టు ఒకటే చిటపటలు. తీగ కొసని ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. ఆ చిటపటల అడుగున ఎక్కడో ఒక గొంతు. ఆ గొంతుని మాత్రం ఏరుకుని, మిగతాదంతా వదిలెయ్యడానికి చెవి అలవాటు పడాలి. ఏ యంత్రం కొన్నా ఆ అలవాటు దానితో పాటు పెట్టెలో రాదు.

షెడ్యూలంటే మాకు గుడి గంటంత ఖచ్చితం. మైత్రి నుంచి ఓడ ఆగే మంచు అంచు దాకా వంద కిలోమీటర్ల దారి. సామాను మోసే బండ్ల కాన్వాయ్ బయల్దేరితే ముందే వేళలు అనుకునేవాళ్ళం. ఆ వేళకి వాళ్ళు పిలవాలి, మేం వినాలి. పిలుపు రాలేదంటే అప్పుడే కంగారు పడం, పది నిమిషాలు ఆగి మనం పిలుస్తాం. తర్వాతి వేళకీ రాలేదంటే ఇక స్టేషనంతా లేస్తుంది. చెప్పడానికి విశేషమేమీ లేని రోజున కూడా ఆ పిలుపు పిలవాల్సిందే. “అంతా బాగుంది, గాలి ఇంత, చూపు ఇంత దూరం, ఓవర్.” ఆ రోజూ చెప్పే చప్పటి మాటే ప్రాణాధారం. ఒకరోజు అది రాకపోతే ఏదో జరిగిందని తెలిసేది దానివల్లనే.

వినకపోతే ఏమవుతుందో చూపించడానికి నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1928 మే 25న ఇటలీ జనరల్ ఉంబెర్తో నోబిలె నడిపిన ‘ఇటాలియా’ ఎయిర్‌షిప్పు ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వస్తూ మంచు మీద కూలింది. బతికినవాళ్ళ దగ్గర ఒక చిన్న అత్యవసర సెట్టు మిగిలింది. బియాజి అనే ఆపరేటరు విరిగిన ముక్కలతో యాంటెన్నా నిలబెట్టి, రోజుల తరబడి ఎస్.ఓ.ఎస్. కొట్టాడు. వాళ్ళకోసమే స్పిట్స్‌బెర్గెన్‌లో లంగరేసి ఉన్న ‘చిత్తా ది మిలానో’ ఓడ ఆ పిలుపు వినలేదు. ఓడ రేడియో నిండా విలేకర్ల వార్తలూ, సిబ్బంది సొంత తంతులూ. ఇంతలో తమ ఓడ ఇళ్ళకి కబుర్లు పంపుకుంటున్న చప్పుడు బియాజికి మంచు మీద స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. రోము వార్తలు కూడా అందేవి. అతను మాత్రం ఎవరికీ అందలేదు. చివరికి జూన్ 3న ఉత్తర రష్యాలో ఒక మారుమూల పల్లెలో నికొలాయ్ ష్మిట్ అనే కుర్రాడు సొంతంగా చేసుకున్న రిసీవరులో ఆ పిలుపు పట్టుకున్నాడు. ఆ కబురు మాస్కో చేరి, రోము చేరి, జూలైలో ‘క్రాసిన్’ అనే మంచు చీల్చే ఓడ వెళ్ళి మిగిలినవాళ్ళని ఎక్కించుకుంది.

పెద్ద ఓడ, పెద్ద సెట్టు, జీతాలు తీసుకునే ఆపరేటర్లు. అన్నీ ఉన్నాయి. పంపడంలో మునిగిపోయారు, అంతే. ఇవాళ ధ్రువాల్లో ఉన్న శిబిరాల్ని చూస్తే నాకు ఆ ఓడే గుర్తొస్తుంది. అందరూ పంపుతున్నారు. రోజుకి ఎన్ని ఫొటోలు, ఎన్ని వీడియోలు పోతున్నాయో లెక్కలేదు. ఖాళీ బ్యాండు మీద చెవి ఒగ్గి కూర్చున్నవాడు మాత్రం ఒక్కడూ కనపడడు.

విన్నవాళ్ళ కథా ఒకటి చెప్పాలి. 1934లో అమెరికన్ అడ్మిరల్ రిచర్డ్ బైర్డ్ అంటార్కిటికాలోని తన లిటిల్ అమెరికా శిబిరానికి దక్షిణంగా దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, మంచులో పాతిన గుడిసెలో చలికాలమంతా ఒంటరిగా ఉండి వాతావరణం కొలవాలని వెళ్ళాడు. శిబిరంవాళ్ళు నోటితో మాట్లాడితే అతను మోర్సులో జవాబు కొట్టేవాడు. స్టవ్వు పొగా, రేడియోకి కరెంటిచ్చే ఇంజను పొగా గుడిసెలో చేరి విషమెక్కింది. కుప్పకూలిపోయాడు. చీకట్లో తనకోసం బయల్దేరితే మనుషులు దారిలో పోతారన్న భయంతో ఒంట్లో బాగాలేదన్న మాట శిబిరానికి చెప్పలేదు. బాగానే ఉన్నానని కొట్టేవాడు. అయినా శిబిరంలో వినేవాళ్ళకి అనుమానం వచ్చింది. అక్షరాల మధ్య ఎడం పెరుగుతోంది, మాట మధ్యలో తెగుతోంది, స్పెల్లింగు తప్పుతోంది. మోర్సులో ప్రతివాడి చేతికీ ఒక తీరుంటుంది, అది మారితే విన్నవాడికి తెలిసిపోతుంది. ట్రాక్టరు తీసుకుని రెండుసార్లు బయల్దేరి వెనక్కి తిరిగాక, మూడోసారి ఆగస్టులో ముగ్గురు అతన్ని చేరుకున్నారు. అతను చెప్పిన మాటని నమ్మి ఊరుకుని ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

ఆ ముగ్గురిలో ఒకడు అమొరీ వెయిట్, రేడియో ఆపరేటరు. ఇరవై ఏళ్ళు దాటాక, 1950లలో, రేడియో తరంగం మంచులోంచి దూరి కింద రాతికి తగిలి తిరిగొస్తుందనీ, ఆ ప్రతిధ్వని విని మంచు ఎంత మందమో చెప్పొచ్చనీ చేసి చూపించిన మనిషి కూడా అతనే. ఈనాడు అంటార్కిటికా కింద కొండలూ చెరువులూ ఉన్నాయని శాస్త్రవేత్తలు పటాలు గీస్తున్నారంటే దాని వెనక ఇలాంటి చెవులున్నాయి. ఆపరేటరు అంటే బటన్లు నొక్కేవాడని తీసిపారేసే కుర్ర ఇంజనీర్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

వినడం బరువైన పని అని కూడా ఒప్పుకుంటాను. అంటార్కిటికాలోకి మొదట రేడియో తీసుకెళ్ళింది డగ్లస్ మాసన్ యాత్ర, 1911లో. వాళ్ళ శిబిరం ఉన్న కేప్ డెనిసన్‌లో గాలి ఎంత దారుణమంటే కష్టపడి నిలబెట్టిన స్తంభం 1912లో కూలిపోయింది. అది కూలకముందు వీళ్ళు కొట్టిన కబుర్లు కొన్ని మాక్వారీ దీవిలో వినిపించాయి, తిరుగు జవాబు మాత్రం వీళ్ళకి చేరలేదు. రెండు వైపులా మాట కలిసింది 1913 ఫిబ్రవరిలో. ఆ ఏడాది ఆపరేటరుగా ఉన్న సిడ్నీ జెఫ్రీస్‌కి చలికాలంలో మతి చలించింది. రాత్రుళ్ళన్నీ గాలి హోరులో గుసగుస కోసం వెతికే మనిషి పక్కన ఎవరో ఒకరు ఉండాలని మాకు శిక్షణలో చెప్పలేదు. అక్కడికి వెళ్ళాక నాకే తెలిసింది. తలుపు తెరిచి ఉంచడం అలా అలవాటైంది.

ఇంటి కబుర్ల సంగతికి వద్దాం. ఉపగ్రహ ఫోను మా కాలానికే ఉంది, కాదనను. ఇన్‌మార్‌శాట్ 1982 నుంచీ ఓడలకి సేవలందిస్తోంది. నిమిషానికి వందల రూపాయలు. దాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఇంటి మాట ఎక్కువగా కాగితం మీద నాలుగు లైన్లుగా వచ్చేది. ఆ నాలుగు లైన్లూ నా చెవిలోంచి, నా పెన్నులోంచి వెళ్ళేవి. ఆస్ట్రేలియావాళ్ళ స్టేషన్లలో మాట మాటకీ డబ్బు పడుతుందని ఐదక్షరాల సంకేతాలు పెట్టుకున్నారు, పుస్తకం చూసుకుని విప్పుకోవాలి. ‘డబ్ల్యు వై ఎస్ ఎస్ ఎ’ అని వస్తే భార్య ప్రేమంతా పంపిందని లెక్క. ఆపరేటరుకి తెలియకుండా అక్కడ ప్రేమ కూడా చేరలేదు.

అమెరికన్లది ఇంకో పద్ధతి. 1957లో దక్షిణ ధ్రువం మీద తొలిసారి చలికాలం గడిపినవాళ్ళు ఇంటితో మాట్లాడాలంటే న్యూజెర్సీలో క్లార్క్ అనే ఊళ్ళో జూల్స్ మేడీ అనే స్కూలు కుర్రాడు దిక్కు. అతను సరదాగా నడుపుకునే హామ్ రేడియోకి ధ్రువం దొరికితే, టెలిఫోను తీగ దానికి కలిపి వాళ్ళ ఇంటికి అందించేవాడు. భర్త మాట్లాడి ‘ఓవర్’ అనాలి, అప్పుడు భార్య మాట్లాడాలి. ఇద్దరి మధ్యా ఆ కుర్రాడు స్విచ్చి తిప్పుతూ ఉంటాడు, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నవాళ్ళందరికీ వినిపిస్తుంది. సంసారం నలుగురి నోళ్ళలో పడుతుందని ఈ కాలం వాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుందేమో. అక్కడ ఉన్నవాళ్ళకి అది సిగ్గు అనిపించలేదు. ఎవరి పాప నడక నేర్చిందో, ఎవరి తల్లికి జబ్బు చేసిందో శిబిరమంతటికీ తెలుసు.

మా స్టేషన్లో ఒకడికి తండ్రి పోయిన కబురు నా చెవిన పడింది. రాసుకుని, సరిచూసుకుని, కాగితం మడిచాను. నేరుగా వాడి చేతికి ఇవ్వలేదు. లీడరు దగ్గరికి వెళ్ళాను, ఆయన డాక్టర్ని పిలిచారు, ముగ్గురం కలిసి వెళ్ళి వాడి పక్కన కూర్చుని చెప్పాం. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వలేదు. మర్నాడు వంటవాడు అడక్కుండానే వాడికి మాంసం లేకుండా వేరే వండాడు. వెళ్ళి కొరివి పెట్టలేని కొడుకుకి పది వేల కిలోమీటర్ల అవతల మేం చెయ్యగలిగింది అంతే. అది చెయ్యగలగడానికి కారణం ఆ కబురు ముందు మా చేతుల్లో పడటం. ఇవాళ అలాంటి కబురు అర్ధరాత్రి వాడి గదిలో వాడి ఫోనులో వెలుగుతుంది. పక్క గదివాడు చెవుల్లో ఏదో పెట్టుకుని సినిమా చూస్తుంటాడు. తెల్లారి టీ దగ్గర వీడి మొహం చూసి ఏమైందని అడిగేవాడుంటే అదృష్టం.

జూన్ 21 వచ్చిందంటే మిడ్‌వింటర్. చీకటి సగం గడిచిన రోజు, అంటార్కిటికాలో అదే పండగ. ఆ రోజున స్టేషను స్టేషనుకీ గాలిలో శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్ళం. పొరుగునే నొవొలజరెవ్‌స్కయా రష్యన్లు, 1961 నుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళు పాడితే మేం విన్నాం, మేం పాడితే వాళ్ళు విన్నారు. ఇప్పుడు ఆ పండక్కి ఈమెయిల్లో గ్రూపు ఫొటోతో కార్డు వస్తుంది. అన్ని కార్డులూ ఒక్కలాగే ఉంటాయి. ఈ విషయంలో బి.బి.సి.ని మెచ్చుకోవాలి. 1955 నుంచీ ఆ రోజున అంటార్కిటికాలో ఉన్న గుప్పెడు మంది బ్రిటిష్‌వాళ్ళ కోసం షార్ట్‌వేవ్‌లో ప్రత్యేకంగా కార్యక్రమం వేస్తూనే ఉంది. నెట్టు వచ్చేసిందిగా అని ఆపెయ్యలేదు.

కొత్త యంత్రాల గొప్పతనం నాకు తెలియక మాట్లాడటం లేదు. భూమధ్యరేఖ మీద నిలిచినట్టుండే ఉపగ్రహాలు అక్షాంశం 81 డిగ్రీలు దాటితే కనపడవు. మైత్రి నుంచి చూసినా ఆకాశపు అంచున కొద్ది డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. దక్షిణ ధ్రువంలో ఉన్న అమెరికన్లు ముసలివైపోయి కక్ష్య వాలిన ఉపగ్రహాల్ని ఏరుకుని, అవి కనపడే కొద్ది గంటల్లో పని కానిచ్చుకున్నారు. 1978లో ఎగరేసిన గోస్-3ని 2016 దాకా వాడారు. 1999లో ధ్రువంలోనే డాక్టరుగా ఉన్న జెర్రీ నీల్సన్‌కి రొమ్ములో గడ్డ కనపడితే, ఉపగ్రహం మీదుగా అమెరికా వైద్యులు పరీక్షలు చూసి మందులు చెప్పారు. షార్ట్‌వేవ్ మీద ఆ పని మా వల్ల అయ్యేది కాదు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలతో పనిచేసే ఇరిడియం ఫోన్లు వచ్చాక మంచులో నడిచేవాడికి కూడా మాట దక్కింది. 2022లో అమెరికన్ల మక్‌మర్డో స్టేషనుకి స్టార్‌లింక్ ఉపగ్రహాల ఇంటర్నెట్టు చేరింది. మన సంగతే తీసుకోండి. 2012లో తెరిచిన భారతి స్టేషన్లో ఇస్రో పెట్టిన యాంటెన్నాలు మన ఉపగ్రహాలు ధ్రువం మీదుగా వెళ్ళినప్పుడల్లా ఫొటోలు అందుకుని మన షాద్‌నగర్‌కి పంపుతున్నాయి. హైదరాబాదు పక్కన కూర్చున్నవాళ్ళు అంటార్కిటికా డిష్షు పట్టినది చూస్తున్నారంటే నాకు గర్వమే.

మా వీధి కుర్రాడొకడు ఈమధ్య ధ్రువప్రాంతంలో ఒక శిబిరంలో ఏడాది ఉండి వచ్చాడు. ఏ శిబిరమో చెప్పను. మంచి పిల్లవాడు, వచ్చీ రాగానే నన్ను చూడ్డానికి వచ్చాడు.

“హెచ్.ఎఫ్. సెట్టు ఉందా నాయనా అక్కడ?” అన్నాను.

“ఉంది తాతయ్యా. ర్యాకులో ఉంది.”

“రోజూ పెడతారా?”

“నెలకోసారి చూస్తారనుకుంటా. లైటు వెలిగితే పుస్తకంలో టిక్కు పెడతారు.”

“యాంటెన్నా?”

“పోయిన బ్లిజార్డుకి ఒక పక్క తీగ తెగిందన్నారు. వేసవిలో వచ్చే టీము చూస్తుందిలే అనుకున్నాం.”

“మరి నెట్టు పోతే?”

“రెండో లింకు ఉంది తాతయ్యా. అదీ పోతే ఇరిడియం ఉంది.”

నాకు ఒళ్ళు మండింది. పిల్లాడి మీద కాదు. వాడికి నేర్పినవాడు లేడు. లైటు వెలిగితే సెట్టు పనిచేస్తున్నట్టేనా? తీగ తెగిన సెట్టుకీ లైటు వెలుగుతుంది. అవతలవాడితో మాట కలిపితేనే సెట్టు బతికున్నట్టు. ఆ టిక్కు పెట్టినవాడికి కనీసం ఏ గంటకి ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు దొరుకుతారో తెలుసా? కరెంటుపోయి, కారు బ్యాటరీ ఒక్కటి మిగిలి, చేతిలో తీగ చుట్ట ఉంటే ఆ తీగ ఎంత పొడవు కొయ్యాలో తెలుసా? ఏ ఉపగ్రహ ఫోనైనా ఇంకెవరో నడిపే యంత్రాల మీద ఆధారపడుతుంది. షార్ట్‌వేవ్‌కి కావలసింది నా దగ్గరో తీగ, అవతల ఒక చెవి.

సూర్యుడు విరుచుకుపడితే షార్ట్‌వేవే ముందు పోతుంది కదా అని నన్ను ఎదిరించినవాళ్ళున్నారు. నిజమే. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే అక్కణ్ణుంచి వచ్చే కణాలు భూమి అయస్కాంత రేఖల వెంట ధ్రువాల మీదికే దిగుతాయి. పొరలు తరంగాన్ని పూర్తిగా మింగేస్తాయి. 2003 అక్టోబరు చివర్లో అదే జరిగింది. అంటార్కిటికాలో షార్ట్‌వేవ్ ఆగి ఆగి గంటల తరబడి చచ్చిపోయింది, ఇరిడియం ఫోన్లు ఆదుకున్నాయి. కానీ 2022 ఫిబ్రవరిలో సూర్యుడి తుఫాను ఒకటి మామూలుదే వచ్చింది. పైన గాలి ఉబ్బి, అప్పుడే ఎగరేసిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా కిందికి లాగేసింది. ఒకదానికి ఒకటి తోడుండాలి అనే నేనూ చెప్పేది. తోడుగా పెట్టుకున్న మనిషికి కాళ్ళూ చేతులూ ఆడకుండా పోతుంటే చూస్తూ ఊరుకోవడమే తప్పు.

ఇదే సెట్టు ఒకనాడు ఏం చేసిందో చెప్పనివ్వండి. 1930 జనవరి 12న ఉత్తరాన ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌లో ఉన్న ఎర్న్‌స్ట్ క్రెంకెల్ అనే సోవియట్ ఆపరేటరు ఊరికే బ్యాండు మీద పిలిస్తే, దక్షిణాన అంటార్కిటికాలో బైర్డ్ శిబిరం పలికింది. భూగోళం ఆ చివర్నుంచి ఈ చివరికి, ఇరవై వేల కిలోమీటర్లు. మధ్యలో ఏ యంత్రమూ లేదు. ఇద్దరు ఆపరేటర్లు ఒకే గంటకి ఒకే చోట చెవి పెట్టారు, అంతే. తర్వాత 1937-38లో పపానిన్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం దగ్గర తేలే మంచు మీద తొమ్మిది నెలలు కొట్టుకుపోయిన నలుగురిలో ఆ క్రెంకెలూ ఒకడు. మంచు ముక్క ఇరుకై పగిలిపోతున్నా వాతావరణం కొట్టడం ఆపలేదు.

మన దేశంలో టెలిగ్రాము 2013 జూలైలో పోయింది. చివరి రోజు జనం బారులు తీరి గుర్తుకోసం తంతులు ఇచ్చుకున్నారు. ఆ ముచ్చట ముందే ఉంటే అది బతికుండేదేమో. ధ్రువాల్లో షార్ట్‌వేవ్‌కి అలాంటి వీడ్కోలు వద్దు.

చెయ్యాల్సింది పెద్దదేం కాదు. మైత్రికీ భారతికీ మధ్య దూరం రెండు వేల కిలోమీటర్లకు పైచిలుకు, షార్ట్‌వేవ్‌కి ఒక్క గెంతు. రోజూ ఒక వేళ పెట్టుకోవాలి, అరగంట చాలు. ఆ అరగంట రెండు చోట్లా సెట్టు ముందు మనిషి ఉండాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా పిలవాలి. దొరకకపోతే దొరకలేదని, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతసేపు వెతికామో రాయాలి. డాక్టరు, వంటవాడు, శాస్త్రవేత్త, జనరేటరు మెకానిక్కు అని చూడకుండా చలికాలం ఉండే ప్రతివాడికీ వంతు వెయ్యాలి. బయల్దేరే ముందు నేర్పడానికి గురువుల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాదులో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియో ఉంది. 1999లో ఒడిశా తుఫానుకి తీగలన్నీ తెగిపోయినప్పుడు హామ్‌లు ఏం చేశారో వాళ్ళకి తెలుసు. నెల రోజులు చాలు, తీగ కొయ్యడం, నిలబెట్టడం, చిటపటల్లోంచి గొంతుని ఏరడం వస్తుంది. మోర్సు కూడా నేర్పండి. మాట అందని చోట అది అందుతుంది. ఇక ఆ లాగ్ బుక్కు ఏటా ఓడలో వెనక్కి రావాలి, వచ్చాక దాన్ని గోవాలో ఎవరో ఒకరు మొదటి పేజీ నుంచీ చదవాలి.